ముఫ్త్ మరీజ్‌కి హక్ లేదా?

ఉక్కునగరం పర్మినెంట్ ఉద్యోగికి స్టీల్‌ప్లాంటు ఆస్పత్రిలో వైద్యం వికటిస్తే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. యాజమాన్యం ఖర్చు భరిస్తే అది ముఫ్త్ కాదని 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరి ఫిషింగ్ హార్బర్‌లో చేపల బుట్టలు మోసే మనిషికి? అందరికీ ఉచితంగా చూసే సర్కారీ దవాఖానా ఆ చట్టం కిందికి రాదంది అదే తీర్పు. 2019లో కొత్త చట్టం తెచ్చి కూడా ఉచిత సేవను బయటే నిలబెట్టారు.

పన్ను కడుతున్నాడు కదా భాయ్ అంటే, పన్ను ఫీజు కాదట! సబ్బు మీద, అగ్గిపెట్టె మీద వసూలు చేసిన సొమ్ము దవాఖానా గుమ్మం దాటగానే ఖైరాత్ అయిపోతుందా?

సివిల్ కోర్టు ఉందిగా అంటారు వకీల్ సాబ్‌లు. ఉంది, తారీఖు మీద తారీఖు. ప్రతి తారీఖుకీ ఒక రోజు కూలీ ఖతమ్.

డాక్టర్లను జైల్లో వేయమనడం లేదు నేను. ఘోర నిర్లక్ష్యం ఉంటే తప్ప క్రిమినల్ కేసు వద్దన్న 2005 జేకబ్ మాథ్యూ తీర్పు సబబే. నేనడిగేది సర్కారు జిమ్మేదారీ. వైద్యం రాకుండా వైద్యం చేసినవాడు నష్టానికి జామిన్ అంటుంది మన హదీసు. మరీజ్ ఫీజు కట్టాడా అని అడగదు. ‘ఉచిత సేవ’ పక్కన ‘సర్కారీ దవాఖానా తప్ప’ అని మూడు మాటలు చేర్చడానికి పార్లమెంటుకి ఏం అడ్డమొచ్చింది?