రీఇష్యూ గిటార్ కొంటున్నారా? ముందు జీ స్ట్రింగ్ కింద చూడండి

పాత హిట్ మోడల్ పేరుతో కొత్త ఫోన్ వచ్చిందనుకోండి. రివ్యూలో మనం మొదట చూసేది ఒకటే: పాతదాంట్లో ఉన్న సమస్యని సరిచేశారా, లేదా? సరిచేయకపోతే ఉతికి ఆరేస్తాం. ఎలక్ట్రిక్ గిటార్ల దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క మొత్తం తిరగబడుతుంది. 1950ల నాటి సమస్యని ఉన్నది ఉన్నట్టు దింపితే దాన్ని స్పెక్ షీట్‌లో ఫీచర్‌గా రాస్తారు, రేటు పెంచుతారు. మనం కూడా మురిసిపోయి కొంటాం.

నేనూ అలాగే కొన్నా. నాలుగు నెలలు బయట తిండి మానేసి కూడబెట్టిన డబ్బుతో, 1950ల స్ట్రాటోకాస్టర్ పద్ధతిలో చేసిన ఒక రీఇష్యూ తీసుకున్నా. ఈ తరహా గిటార్లు చాలా కంపెనీలు చేస్తాయి, నాది ఏదన్నది ఇక్కడ అనవసరం. స్పెక్స్‌లో 'వింటేజ్ స్టాగర్డ్ పోల్ పీసెస్' అని గొప్పగా రాసి ఉంది. అదేంటో నాకు తెలీదు. వింటేజ్ అంటే మంచిదేలే అనుకున్నా.

ఆదివారాలు చర్చిలో వాయిస్తాను. రెండో వారమే మిక్సర్ దగ్గరుండే అన్న పిలిచి, "తమ్ముడూ, మధ్యలో ఒక స్ట్రింగ్ కొట్టినప్పుడల్లా చెవులు పగులుతున్నాయి. కొంచెం చెయ్యి తగ్గించు" అన్నాడు. తగ్గించా. జీ స్ట్రింగ్ మీద మెల్లగా, పక్కనున్న బీ స్ట్రింగ్ మీద గట్టిగా కొట్టడం ప్రాక్టీస్ చేశా. ఆరు నెలలు! అయినా అదే మాట పడేది. నా పికింగే బాలేదని, ఇన్నేళ్లు నేర్చుకుంది తప్పని నిజంగా నమ్మేశా. చివరికి సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు రిపేర్ చేసే అన్న గిటార్‌ని కంటి ఎత్తుకి పట్టుకుని పక్క నుంచి పికప్‌ని చూపించాడు. "చెయ్యి నీదే, తప్పు నీది కాదు" అన్నాడు. ఆరు అయస్కాంతాలు ఆరు ఎత్తుల్లో ఉన్నాయి. జీ కింద ఉన్నది పైకి పొడుచుకొచ్చి ఉంది. బీ కింద ఉన్నది బాగా పొట్టి.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఆరు నెలలే.

ఒక్క స్ట్రింగ్ మారింది, రెండు డిజైన్లు తప్పాయి

పికప్ పనిచేసే పద్ధతి చాలా సింపుల్. అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు స్ట్రింగ్ ఊగితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి చుట్టలో కరెంటు పుడుతుంది, అది ఆంప్‌కి వెళ్తుంది. స్ట్రింగ్‌లో ఉక్కు ఎంత ఉంటే, అయస్కాంతానికి అది ఎంత దగ్గరగా ఉంటే, సౌండ్ అంత పెద్దది.

స్ట్రాటోకాస్టర్ 1954లో వచ్చింది. అప్పట్లో గిటార్ స్ట్రింగ్ సెట్లు లావుగా ఉండేవి. జీ స్ట్రింగ్ కూడా వౌండ్ రకమే, అంటే సన్నని ఉక్కు తీగ మీద ఇంకో తీగ చుట్టినది. పికప్‌కి ముఖ్యంగా 'కనిపించేది' లోపలి సన్నని ఉక్కు. అందుకే జీ స్ట్రింగ్ సౌండ్ బలహీనంగా వచ్చేది. దానికి లియో ఫెండర్ బృందం దగ్గరున్న జవాబు, జీ కింద అయస్కాంతాన్ని ఎత్తు పెంచడం. బీ స్ట్రింగ్ చుట్టు లేని ప్లెయిన్ ఉక్కు, సౌండ్ ఎలాగూ ఎక్కువే, కాబట్టి దాని అయస్కాంతాన్ని కిందికి దించారు. ఆ రోజుకి అది పక్కా ఇంజినీరింగ్.

తర్వాత 1960ల మొదట్లో కాలిఫోర్నియాలో ఎర్నీ బాల్ సన్నని సెట్లు తెచ్చాడు. రాక్ గిటారిస్టులకి స్ట్రింగ్‌ని వేలితో వంచి శ్రుతి పైకి లాగాలి, అంటే బెండ్ చేయాలి. లావు వౌండ్ జీతో అది అయ్యే పని కాదు. అందుకే కొత్త సెట్లలో జీ కూడా ప్లెయిన్ అయింది. ఇవాళ మనం వాడే 10-46 సెట్‌లో జీ 0.017 అంగుళాల ప్లెయిన్ ఉక్కే. పాత వౌండ్ జీ లోపలి తీగ కన్నా ఇది లావు. బలహీనమైన స్ట్రింగ్ కోసం పెంచిన అయస్కాంతం మీద ఇప్పుడు బలమైన స్ట్రింగ్ కూర్చుంది. మా భాషలో చెప్పాలంటే, డిపెండెన్సీ అప్‌డేట్ అయింది, కోడ్ మాత్రం పాతదే.

పికప్ ఎత్తు స్క్రూలు తిప్పి సరిచేసుకోవచ్చుగా అంటారేమో. ఆ స్క్రూలు రెండు చివర్లలోనే ఉంటాయి. ఒక పక్కకి వాల్చగలం గానీ, మధ్యలో ఒక్క అయస్కాంతాన్ని దించలేం. దాన్నే నొక్కి కిందికి తోద్దామంటే, ఈ పికప్‌లలో రాగి తీగ నేరుగా అయస్కాంతాల చుట్టూనే ఉంటుంది. తీగ తెగితే పికప్ పోయినట్టే.

బ్రిడ్జ్ కథ ఇంకా వింతగా ఉంటుంది. 1950లో వేరే పేర్లతో వచ్చి 1951లో టెలీకాస్టర్ అయిన గిటార్‌ని చూడండి. స్టీల్ ప్లేట్ మీద మూడే శాడిళ్లు, ఒక్కో శాడిల్ మీద రెండేసి స్ట్రింగ్‌లు. స్ట్రింగ్‌ని ఫ్రెట్ మీద నొక్కితే అది కాస్త సాగి శ్రుతి పైకి పోతుంది. ఆ తేడా పోవడానికి శాడిల్‌ని వెనక్కి జరిపి స్ట్రింగ్ పొడవు కొంచెం పెంచుతాం. దీన్నే ఇంటోనేషన్ సెట్ చేయడం అంటారు. ఎంత జరపాలన్నది ముఖ్యంగా లోపలి ఉక్కు ఎంత లావుందో దాని మీద ఆధారపడుతుంది.

పాత సెట్‌లో లావు ఈ నుంచి జీ దాకా నాలుగూ వౌండ్. శాడిల్ స్థానాలు వరసగా మెట్లలా ముందుకి వస్తాయి. ప్లెయిన్ బీ దగ్గర ఒక్కసారి మళ్లీ వెనక్కి దూకాలి. ఈ-ఏ ఒక జత, డీ-జీ ఒక జత, బీ-సన్న ఈ ఒక జత. ఆ దూకుడు రెండు జతల మధ్య పడింది కాబట్టి మూడు శాడిళ్లతో దాదాపు సరిపోయింది. ఇప్పుడు జీ ప్లెయిన్ అయ్యేసరికి దూకాల్సిన చోటు డీకి జీకి మధ్యకి వచ్చింది. ఆ రెండూ ఒకే శాడిల్ మీద ఉన్నాయి! డీకి సెట్ చేస్తే జీ హెచ్చుతుంది, జీకి సెట్ చేస్తే డీ తగ్గుతుంది. మా ఫ్రెండ్ టెలీ తరహా గిటార్‌తో మేమిద్దరం ఒక సాయంత్రమంతా దీనితోనే కుస్తీ పట్టాం.

పికప్ డిజైన్‌నీ బ్రిడ్జ్ డిజైన్‌నీ తప్పించింది ఒకే ఒక్క స్ట్రింగ్. అనుమానం తీర్చుకుందామని ఒక వౌండ్ జీ విడిగా కొని నా గిటార్‌కి వేసి చూశా. సౌండ్ తూకం వేసినట్టు సమానమైంది. ఫ్రెండ్ గిటార్‌లో డీ-జీ కూడా దాదాపు కుదిరిపోయాయి. అంటే ఆ డిజైన్ తప్పు కాదు. అది ఇంకో స్ట్రింగ్ కోసం చేసింది, అంతే. కానీ వౌండ్ జీతో బెండ్ చేయబోతే వేలు నొప్పి పుట్టిందే తప్ప శ్రుతి సరిగ్గా ఎక్కలేదు. మర్నాడే తీసేశా.

సరిచేసి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు

ఇది కంపెనీలకి తెలియని విషయం కాదు. 1970ల మధ్యకల్లా ఫెండరే స్ట్రాట్ అయస్కాంతాలన్నిటినీ ఒకే ఎత్తుకి మార్చింది. 1982లో పాత మోడళ్ల రీఇష్యూలు మొదలైనప్పుడు ఎత్తుపల్లాల అయస్కాంతాలు తిరిగొచ్చాయి. వాటితో పాటు రావాల్సిన వౌండ్ జీ మాత్రం వాడుకలోకి తిరిగి రాలేదు.

అదే రీఇష్యూల్లో వాళ్లు ఒక మంచి పని కూడా చేశారు. పాత స్ట్రాట్‌కి మూడు స్థానాల స్విచ్ ఉండేది. వాయించేవాళ్లు దాన్ని రెండు స్థానాల మధ్య ఇరికించి రెండు పికప్‌లు కలిపి వాడుకునేవాళ్లు. అది చూసి 1977లో ఐదు స్థానాల స్విచ్ పెట్టారు. రీఇష్యూ వచ్చినప్పుడు గిటార్‌లో పాత మూడు స్థానాల స్విచ్ పెట్టి, ఐదు స్థానాలదాన్ని కేసులో విడిగా ఇచ్చారు. పాతది కావాలంటే ఉంచుకో, వద్దంటే మార్చుకో. రీఇష్యూ అంటే ఇలా ఉండాలి. స్విచ్‌కి చేసిన మర్యాద శాడిల్‌కీ పికప్‌కీ ఎందుకు చేయరు?

ప్రతి తేడా బగ్ కాదు

పాతదంతా పారేయాలని నేను అనట్లేదు. గిబ్సన్ పీఏఎఫ్ హంబకర్‌నే తీసుకోండి. సెత్ లవర్ 1955లో పేటెంట్‌కి అప్లై చేశాడు, 1957 నుంచి లెస్ పాల్ గిటార్లలో వాడారు, పేటెంట్ 1959లో వచ్చింది. ఆ మధ్య కాలంలో పికప్ అడుగున 'పేటెంట్ అప్లైడ్ ఫర్' అనే స్టిక్కర్ ఉండేది, ఆ పేరే నిలిచిపోయింది. అందులో రెండు కాయిల్స్ చుట్లు సరిగ్గా సమానంగా ఉండవు. ఒక పికప్‌కి ఇంకో పికప్‌కి అయస్కాంతం రకమే మారిపోయేది. లోపల మైనం పోయలేదు కాబట్టి సౌండ్ బాగా పెంచితే కీచుమంటుంది. ఇవన్నీ తయారీ లోపాలే. కానీ ఆ కాయిల్స్ తేడా వల్లే దాని సౌండ్‌కి ఆ పదును వచ్చింది. దాన్ని సరిచేస్తే మనం కొన్నదే పోతుంది. గిబ్సన్ తర్వాత తెచ్చిన బర్స్ట్‌బకర్‌లో కావాలనే కాయిల్స్‌ని అసమానంగా చుడుతున్నారు. అది నాకు ఓకే.

కాపీ చేయడానికి అర్థం లేనివి వేరే ఉన్నాయి. 1952 లెస్ పాల్‌లో మెడ వాలు సరిపోక, స్ట్రింగ్‌లని బ్రిడ్జ్ కడ్డీ పైనుంచి కాకుండా కింది నుంచి చుట్టాల్సి వచ్చింది. అరచేతితో మ్యూట్ చేయడం కుదరదు. మరుసటి ఏడాదే దాన్ని మార్చారు. తమాషా ఏంటంటే, 1960లలో హంబకర్ అడుగున వేసిన పేటెంట్ నంబర్ 2,737,842 ఆ పికప్‌ది కాదు, ఈ బ్రిడ్జ్‌ది! అప్పటి కంపెనీయే ఇంత గందరగోళంగా ఉంటే, ప్రతి మరకా పవిత్రమే అని ఇవాళ మనం పట్టుబట్టడం నాకు నవ్వు తెప్పిస్తుంది.

నేను పెట్టుకున్న రూల్ ఇది. ఆ లోపం తీసేస్తే సౌండ్ పోతుందా? పోతే ఉంచండి. సౌండ్ అలాగే ఉండి ఇబ్బంది ఒక్కటే పోతుందా? అయితే తీసేయండి. టెలీ స్టీల్ ప్లేట్, ఇత్తడి శాడిళ్లు ఉంచండి, సౌండ్‌లో వాటి పాత్ర ఉంది. ఆ ఇత్తడి శాడిళ్లనే కొంచెం ఏటవాలుగా చేస్తే ఒకే శాడిల్ మీద రెండు స్ట్రింగ్‌లకి రెండు పొడవులు వస్తాయి. విల్కిన్సన్, గోటో లాంటి కంపెనీలు ఇవి ఎప్పటినుంచో అమ్ముతున్నాయి. సౌండ్ తేడా నా చెవికైతే తెలియలేదు, శ్రుతి తేడా మాత్రం తెలిసింది.

మరి హెండ్రిక్స్ సంగతేంటి?

ఈ మాట అంటే వెంటనే వచ్చే ప్రశ్న ఇది. జిమీ హెండ్రిక్స్ కుడిచేతి స్ట్రాట్‌ని తిరగేసి, స్ట్రింగ్‌లు ఎడమచేతికి మార్చి వాయించాడు. దాంతో అయస్కాంతాల ఎత్తులన్నీ అవతల స్ట్రింగ్‌ల కిందికి పోయాయి. ఆ 'తప్పు' నుంచే గొప్ప సౌండ్ వచ్చింది కదా?

వచ్చింది, ఒప్పుకుంటా. కానీ గిటార్‌ని తిరగేసింది ఆయన. తన చేతిలో ఏముందో ఆయనకి తెలుసు. నేను కొన్న గిటార్‌లో ఏముందో నాకెవరూ చెప్పలేదు. అన్నీ తెలిసి ఎంచుకుంటే అది స్టైల్. తెలియక నెత్తినేసుకుంటే చివరికి నా వేళ్లనే తిట్టుకుంటా. నేర్చుకునేవాళ్లకి జరిగే అసలు నష్టం ఇదే. డబ్బు పోతే మళ్లీ వస్తుంది, 'నాకు రాదులే' అని గిటార్ మూలన పెట్టేసినవాళ్లు తిరిగి రారు.

అసలు 1950ల గిటార్ మీ దగ్గరుంటే మాత్రం దాని జోలికి పోకండి. అది చరిత్ర. నేను మాట్లాడేది వారంటీ కార్డుతో వచ్చే కొత్త గిటార్ గురించి.

ఫోన్‌తోనే టెస్ట్ చేయండి

షాప్‌లో ఉన్నప్పుడే చూసుకోవచ్చు. ట్యూనర్ యాప్ ఓపెన్ చేయండి. ప్రతి స్ట్రింగ్‌కీ 12వ ఫ్రెట్ దగ్గర వేలు ఊరికే ఆనించి వచ్చే హార్మోనిక్‌ని, అదే ఫ్రెట్ నొక్కి వచ్చే స్వరాన్ని పోల్చండి. రెండూ ఒకటే చూపించాలి. నొక్కినప్పుడు హెచ్చితే శాడిల్ వెనక్కి జరగాలి. మూడు శాడిళ్ల బ్రిడ్జ్ అయితే డీ, జీ రెండిటినీ తప్పకుండా చూడండి.

సౌండ్ లెవెల్స్‌కి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే ఫోన్‌కి కలిపి, ఒక్కో స్ట్రింగ్‌నీ ఒకే బలంతో నాలుగుసార్లు కొట్టి రికార్డ్ చేయండి. వేవ్‌ఫామ్‌లో జీ కొండలా, బీ గుట్టలా కనిపిస్తే సంగతి అర్థమైనట్టే. ఫోన్ మైక్‌ని నమ్మకండి, చాలా ఫోన్లు సౌండ్‌ని వాటంతట అవే సమానం చేసేస్తాయి. ఏమీ లేకపోతే గిటార్‌ని కంటి ఎత్తుకి పట్టుకుని పక్క నుంచి చూడండి. నాకు ఆరు నెలల తర్వాత తెలిసింది మీకు ఆరు సెకన్లలో తెలుస్తుంది.

ఫైనల్‌గా

కంపెనీలని నేనడిగేది పెద్ద కోరిక కాదు. స్పెక్ షీట్‌లో 'వింటేజ్ స్టాగర్' అని రాసిన చోటే 'ఇది వౌండ్ జీ కోసం చేసిన డిజైన్' అని ఒక్క లైన్ కలపండి. మూడు శాడిళ్ల గిటార్ కేసులో ఏటవాలు శాడిళ్ల సెట్ ఒకటి పడేయండి. 1982లో స్విచ్‌కి చేసిందే, కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. రివ్యూలు రాసే మనం కూడా గిటార్ అనగానే కవిత్వంలోకి వెళ్లిపోకుండా, ఫోన్‌ని అడిగే ప్రశ్నలే దీన్నీ అడగాలి.

నా గిటార్‌లో ఇప్పుడు ఒకే ఎత్తు అయస్కాంతాల పికప్‌లు ఉన్నాయి. పాతవి కవర్‌లో చుట్టి కేసులోనే దాచా. మార్చిన తర్వాతి ఆదివారం ప్రార్థన అయ్యాక మిక్సర్ దగ్గరి అన్న ఎదురొచ్చాడు. ఏమంటాడోనని ఆగా. "తమ్ముడూ, టీ తాగుదాం పద" అన్నాడు. గిటార్ ఊసే ఎత్తలేదు.