మెడకు 'కరెంటు'... మెదడుకు షాకు!

మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయి ఆసుపత్రికి వచ్చిన మనిషిని డాక్టర్లు ముందుగా అడిగేవి మూడు ప్రశ్నలు. బీపీ ఉందా? షుగరుందా? సిగరెట్లు తాగుతారా? చాలామంది విషయంలో పక్షవాతానికి కారణం అక్కడే దొరికిపోతుంది. కానీ కొందరిని అడగాల్సిన నాలుగో ప్రశ్న ఒకటుంది. 'ఎప్పుడైనా మెడకి కరెంటు పెట్టించుకున్నారా?' అని.

కరెంటు అంటే రేడియేషనే. మన దగ్గర క్యాన్సర్ రోగులున్న ఇళ్లలో ఆ మాటే వాడుక. పాతికేళ్ల వయసులో మెడలో బిళ్లలు కట్టాయి. పరీక్ష చేస్తే లింఫోమా అని తేలింది. కరెంటు పెట్టారు, తగ్గిపోయింది. ఆ తర్వాత పెళ్లి, పిల్లలు, ఉద్యోగం... జబ్బు సంగతే మర్చిపోయారు. అలాంటివాళ్లకి యాభై దాటాక ఓ పొద్దున చెయ్యి స్వాధీనం తప్పితే, ఆనాటి వైద్యానికీ దీనికీ సంబంధం ఉండొచ్చని ఎవరికి తడుతుంది? ఆ లెక్క తేలడానికి వైద్య పరిశోధకులకే దశాబ్దాలు పట్టింది.

లింఫోమా అనేది తెల్లకణాల్లో ఒక రకమైన లింఫోసైట్లకు వచ్చే క్యాన్సర్. మెడ, చంకలు, గజ్జల్లోని లింఫ్ గ్రంథులు సాధారణంగా నొప్పి లేకుండానే ఉబ్బుతాయి. (బిళ్ల కనపడగానే హడలిపోనక్కర్లేదు. మన దగ్గర టీబీ వల్లా, గొంతు, పళ్ల ఇన్‌ఫెక్షన్ల వల్లా కూడా బిళ్లలు కడతాయి. తగ్గకుండా ఉంటే మాత్రం చూపించుకోవాల్సిందే.) ఇందులో ఒక రకాన్ని లండన్‌లోని గైస్ ఆసుపత్రి డాక్టరు థామస్ హాడ్జ్‌కిన్ 1832లో వర్ణించాడు. అందుకే దానికి హాడ్జ్‌కిన్ లింఫోమా అని పేరు. మిగిలినవన్నీ నాన్‌హాడ్జ్‌కిన్ లింఫోమాలు.

1950ల నాటికి కూడా హాడ్జ్‌కిన్ వచ్చిందంటే ఎక్కువమందికి ఆశ ఉండేది కాదు. ఎక్కువగా వచ్చేది కుర్రవాళ్లకీ, నడివయసులోకి అడుగుపెడుతున్నవాళ్లకీ! అమెరికాలో స్టాన్‌ఫర్డ్ డాక్టరు హెన్రీ కాప్లాన్ 1956లో లీనియర్ యాక్సెలరేటర్‌ని వైద్యానికి వాడటం మొదలుపెట్టాక పరిస్థితి మారింది. కనపడిన బిళ్ల ఒక్కదానికే కాకుండా మెడ, చంకలు, ఛాతీ మధ్యభాగం అన్నింటికీ కలిపి గట్టి మోతాదులో రేడియేషన్ ఇచ్చేవారు. భుజాల మీద శాలువా కప్పినట్టు ఉంటుంది కాబట్టి దాన్ని 'మాంటిల్' పద్ధతి అన్నారు. దాని పుణ్యమా అని ఎందరో బతికి బట్టకట్టారు. ముందు ప్రాణం నిలబడితే చాలు, ముప్ఫై ఏళ్ల తర్వాతి సంగతి తర్వాత అనుకునే రోజులవి. అలా అనుకోవడంలో తప్పూ లేదు.

చిక్కల్లా ఎక్కడంటే, ఆ శాలువా కింద లింఫ్ గ్రంథులు మాత్రమే లేవు. గుండె ఉంది. మెడకి రెండువైపులా మెదడుకి రక్తాన్ని తీసుకెళ్లే కెరోటిడ్ ధమనులు ఉన్నాయి. రేడియేషన్ తగిలిన ధమని లోపలి పొర దెబ్బతింటుంది. ధమని గోడకే రక్తం అందించే సన్నటి నాళాలూ దెబ్బతింటాయి. గోడ మందమవుతుంది, కొవ్వు పేరుకుంటుంది. అరవై, డెబ్భై ఏళ్లకి రావాల్సిన పూడిక ముందే వచ్చేస్తుంది. అటు గుండె కవాటాలూ, కండరమూ దెబ్బతింటే అక్కడ పుట్టిన రక్తపు గడ్డలు మెదడుకి ఎగబాకుతాయి. ఇదంతా ఏ నొప్పీ లేకుండా, చడీచప్పుడు లేకుండా, ఏళ్ల తరబడి సాగే పని.

దీన్ని కచ్చితంగా లెక్కగట్టినవాళ్లలో నెదర్లాండ్స్ పరిశోధకులు ముఖ్యులు. 1965-95 మధ్య, 51 ఏళ్లలోపు వయసులో హాడ్జ్‌కిన్‌కి వైద్యం చేయించుకుని కనీసం అయిదేళ్లు బతికిన 2,201 మందిని ఎంచుకున్నారు. సగటున పదిహేడేళ్లకు పైగా వాళ్ల వివరాలు సేకరించారు. 2009లో ఫలితాలు వెలువడ్డాయి. వాళ్లలో 96 మందికి పక్షవాతమో, 'మినీ స్ట్రోకో' వచ్చింది. మినీ స్ట్రోక్ అంటే మాట తడబడి, చెయ్యి తిమ్మిరెక్కి కాసేపట్లో సర్దుకుపోయేది. అదే వయసున్న మామూలు జనంతో పోలిస్తే పక్షవాతం 2.2 రెట్లు, మినీ స్ట్రోక్ 3.1 రెట్లు ఎక్కువ. వీళ్ల వయసు ఎంత? అటూ ఇటూగా 52 ఏళ్లు! మెడకీ ఛాతీకీ రేడియేషన్ తీసుకున్నవాళ్లలో ముప్పు రెండున్నర రెట్లయింది. కీమోథెరపీ వల్ల మాత్రం ఈ ముప్పు పెరిగినట్టు కనపడలేదు.

అమెరికాలో చిన్నతనంలో హాడ్జ్‌కిన్ వచ్చి తగ్గినవాళ్లని వాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లతో పోల్చిచూసిన అధ్యయనం 2005లో వచ్చింది. పక్షవాతం వచ్చిన 24 మందీ మాంటిల్ రేడియేషన్ తీసుకున్నవాళ్లే.

రెట్లు వింటే గుండె గుభేలుమంటుంది. కానీ అసలు సంఖ్య కూడా చూడాలి. డచ్చి లెక్క ప్రకారం వైద్యమైన 30 ఏళ్లలో, రక్తం అందక వచ్చే పక్షవాతమో మినీ స్ట్రోకో చూసినవాళ్లు నూటికి ఏడుగురు. అంటే మిగతా 93 మందికి రాలేదు. ఇంకో సంగతి కూడా అందులోనే బయటపడింది. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లకే ఈ బెడద ఎక్కువ. పాత రేడియేషన్‌ని ఇప్పుడెవరూ వెనక్కి తీసుకోలేరు గానీ ఈ మూడింటినీ అదుపులో పెట్టుకోవచ్చు కదా! సిగరెట్‌కీ దీనికీ ముడి ఆ అధ్యయనంలో కనపడలేదు. అలాగని వెలిగించుకోమని కాదు, గుండెతోనూ ఊపిరితిత్తులతోనూ దాని పేచీ దానికుంది.

ఇప్పుడు చికిత్స తీసుకుంటున్నవాళ్లు బెంగపడాల్సిందేమీ లేదు. మాంటిల్ పద్ధతి దాదాపు కనుమరుగైంది. ఒకప్పుడు 40 గ్రే వరకూ ఇచ్చేవారు. జబ్బు తొలిదశలో ఉండి ఇతర ముప్పు లక్షణాలు లేనివారికి రెండు విడతల కీమోతో పాటు 20 గ్రే ఇచ్చినా ఫలితం తగ్గదని 2010లో జర్మన్ పరిశోధకులు తేల్చారు. అదీ జబ్బున్న చోటు వరకే.

ఇంతవరకూ చెప్పింది వైద్యం తర్వాతి కథ. వైద్యానికి ముందు కూడా లింఫోమాకీ పక్షవాతానికీ బంధుత్వం ఉంది. క్యాన్సర్ ఉన్న ఒంట్లో రక్తం తొందరగా గడ్డకడుతుంది. 2017లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో నాన్‌హాడ్జ్‌కిన్ లింఫోమా సహా ఎనిమిది రకాల క్యాన్సర్లు ఉన్న పెద్దవయసువాళ్లని పరిశీలించారు. జబ్బు బయటపడ్డ ఆర్నెల్లలోపు నూటికి ముగ్గురికి పక్షవాతం వచ్చింది. క్యాన్సర్ లేనివాళ్లలో ఆ సంఖ్య 1.6. ఈ ముప్పు మొదటి నెలలోనే ఎక్కువ, ఏడాది తిరిగేసరికి దాదాపు సర్దుకుంటుంది.

అన్నింటికన్నా వింతయింది మరొకటి. చాలా అరుదు. 1959లో ఆస్ట్రియాకి చెందిన ప్ఫ్లేగర్, టాపైనర్ అనే చర్మవైద్యులు తొలిసారి వర్ణించారు. అప్పట్లో రక్తనాళాల పొరకే వచ్చిన కణితి అనుకున్నారు. అది లింఫోమా అని 1980ల్లో గానీ తేలలేదు. ఇందులో ఎక్కడా బిళ్ల కట్టదు. క్యాన్సర్ కణాలు సన్నటి రక్తనాళాల్లోపలే చేరి వాటిని మూసేస్తాయి. నాళం గోడ దాటి బయటికి రావడానికి కావాల్సిన పట్టు వాటికి లేకపోవడమే కారణమంటారు. మెదడులో ఇవాళ ఒకచోట, పది రోజులకి ఇంకోచోట రక్తం ఆగిపోతుంది. చూసేవాళ్లకి మళ్లీమళ్లీ వచ్చే పక్షవాతంలాగే ఉంటుంది. ఆస్పిరిన్ వేసినా ఆగదు. ఒకప్పుడు చాలామందిలో చనిపోయాక శవపరీక్షలోనే సంగతి బయటపడేది.

వదలని జ్వరం, బరువు తగ్గడం, రక్తపరీక్షలో ఎల్‌డీహెచ్ బాగా పెరగడం... పక్షవాతంతో పాటు ఇవి కూడా ఉంటే అనుమానించాలి. కనిపెట్టే ఉపాయం కూడా వింతే. పైకి ఏ మచ్చా లేకుండా మామూలుగా కనిపించే చర్మంలోంచే రెండు మూడు చోట్ల చిన్న ముక్కలు తీసి పరీక్షిస్తారు. జపాన్‌లో మెదడుకి ఇంకా పాకని దశలోనే పట్టుకుని, రిటుక్సిమాబ్‌తో కూడిన కీమో ఇచ్చి చూశారు. రెండేళ్ల తర్వాత నూటికి 92 మంది బతికున్నారని 2020లో ప్రకటించారు.

ఇంట్లో ఎవరైనా ఒకప్పుడు లింఫోమాకి వైద్యం చేయించుకుని ఉంటే ఆ పాత ఫైలు అటక మీద ఉన్నా సరే దించాలి. రేడియేషన్ ఎక్కడెక్కడ ఇచ్చారు, ఎన్ని గ్రేలు, ఏ సంవత్సరం అన్నది అందులో ఉంటుంది. బీపీ చూసే డాక్టరుకి కూడా ఆ కాగితం చూపించాలి. మెడలోని ధమనులకి డాప్లర్ స్కాన్ అవసరమా, ఎన్నేళ్లకోసారి అన్నది ఆయన చెబుతారు. దీనికి ఒంట్లోకి సూదీ అక్కర్లేదు, రేడియేషనూ ఉండదు. ముందుజాగ్రత్త అంటూ సొంతంగా ఆస్పిరిన్ మొదలుపెట్టడం మాత్రం కూడదు. ముఖ్యంగా కీమో నడుస్తున్నవాళ్లు. ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్నప్పుడు అదే రక్తస్రావానికి దారితీస్తుంది.

మూతి వంకరపోవడం, చెయ్యి పైకెత్తలేకపోవడం, మాట ముద్దగా రావడం... వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనపడినా, కాసేపటికి తగ్గిపోయినా, 108కి ఫోన్ చేయాల్సిందే. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా ఉండే గడువు నాలుగున్నర గంటలు. పాత ఫైలు వెతకడానికి ఆ టైము వాడొద్దు. కరెంటు పెట్టించుకున్న సంగతి నోటితో చెప్పినా చాలు, కాగితాలు వెనక ఎవరైనా తెస్తారు.