మీథేన్ లీకేజీ నివారణకు ఆర్థిక ప్రోత్సాహకాలు: కొత్త గ్యాస్ నెట్‌వర్క్‌లకు తొలి దశలోనే అవసరం

పెద్దమందడి మండలం గల వనపర్తి జిల్లాతో పాటు జోగుళాంబ గద్వాల, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్, నారాయణపేట జిల్లాలను ఒకే ప్రాంతంగా పరిగణించి, పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి 11వ విడత బిడ్డింగ్‌లో నగర గ్యాస్ పంపిణీకి చేర్చింది. ఈ విడత ఫలితాలు 2022లో వెలువడ్డాయి. పరికరాల ఎంపిక జరిగే తొలి దశలోనే లీకేజీ నివారణపై దృష్టి సారించడం ఇటువంటి ప్రాంతాలకు ఎంతో ప్రయోజనకరం.

సహజవాయువులో అధిక భాగం మీథేన్. 20 ఏళ్ల వ్యవధిలో లెక్కిస్తే భూతాపంపై దీని ప్రభావం బొగ్గుపులుసు వాయువు కంటే 80 రెట్లకు పైగా ఉంటుంది. వాల్వులు, జాయింట్లు, రెగ్యులేటర్లు, సీఎన్‌జీ కంప్రెసర్ల సీళ్ల నుంచి ఇది వెలువడుతుంది. గ్యాస్ ఒత్తిడితోనే పనిచేసే కొన్ని నియంత్రణ పరికరాలు నిరంతరం వాయువును బయటకు వదులుతాయి. గంటకు 6 ఘనపు టడుగుల చొప్పున వదిలే ఒక్క పరికరం వల్ల ఏడాదికి దాదాపు 1,490 ఘనపు మీటర్ల గ్యాస్ వృథా అవుతుంది.

ఆదా అయ్యే గ్యాస్ విలువ కంటే మరమ్మతు ఖర్చు అధికమైన చోట సంస్థలు చిన్న లీకేజీలను వాయిదా వేసే అవకాశముంది. ఈ వ్యత్యాసాన్ని పూడ్చడమే ప్రోత్సాహకాల ఉద్దేశం. క్యోటో ఒప్పందం కింద ఏర్పడిన స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగంలో బంగ్లాదేశ్‌లోని తితాస్ గ్యాస్ పంపిణీ నెట్‌వర్క్ లీకేజీ తగ్గింపు ప్రాజెక్టుకు స్థానం లభించింది. అమెరికా 2022 చట్టంలో మీథేన్ తగ్గింపునకు 155 కోట్ల డాలర్ల సహాయంతో పాటు, పరిమితి మించిన ఉద్గారాలపై టన్నుకు 900 డాలర్లతో మొదలయ్యే రుసుమును కూడా నిర్దేశించారు. అయితే 2025లో ఆ రుసుమును 2034కు వాయిదా వేశారు. విధానం నిలకడగా లేనప్పుడు పెట్టుబడులు వెనుకంజ వేస్తాయనడానికి ఇది హెచ్చరిక.

మన దేశంలో 2022 నాటి ఇంధన పొదుపు సవరణ చట్టం, 2023లో ప్రకటించిన కర్బన క్రెడిట్ల వ్యాపార పథకం ఇటువంటి ప్రోత్సాహకాలకు పునాది కాగలవు. అయితే పరికరం కొనుగోలుకు గాక, మరమ్మతుకు ముందు, తరువాత కొలిచి నిర్ధారించిన తగ్గింపునకే చెల్లింపు జరగాలి. లేనిపక్షంలో ప్రజాధనం కాగితాలపై లెక్కలకే పరిమితమవుతుంది.

లీకేజీ కేవలం పర్యావరణ సమస్య కాదు. 2014 జూన్ 27న అప్పటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో పైపులైన్ నుంచి వెలువడిన గ్యాస్ అంటుకొని 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. లీకేజీని సకాలంలో గుర్తించడం ప్రజల భద్రతకు కూడా అత్యవసరం.