మాల వేసిన మూడో రోజు

రెండేళ్ళ కిందట మా చిన్న మావయ్య అయ్యప్ప మాల వేసుకున్నాడని తెలిసి ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. కోనసీమలో కొబ్బరికాయలు ఒలిచే పని ఆయనది. పొద్దున్నే ఒక క్వార్టరు పడితే గానీ చేతుల వణుకు ఆగదు. సాయంత్రం లెక్క వేరే. అలాంటి మనిషి నల్లబట్టలు కట్టి, తెల్లారకుండానే చన్నీళ్ళు పోసుకుని, మా అత్తయ్య చేత కూడా 'స్వామీ' అనిపించుకుంటుంటే ఇంక గట్టెక్కాడనుకున్నాం. మా వైపు మాల భక్తి మాత్రమే కాదు, తాగుడుకి వైద్యం కూడా. ఖర్చు తక్కువ, పరువు ఎక్కువ. 41 రోజులు ఇంట్లో ప్రశాంతత.

రెండో రోజు రాత్రికి ఒళ్ళంతా చెమటలు. మూడో రోజు గోడల మీద జెర్రులు పాకుతున్నాయని చీపురు తీసుకుని కొట్టడం మొదలెట్టాడు. ఎప్పుడో పోయిన మా తాతయ్యతో మాట్లాడాడు. నియమంలో ఏదో తేడా వచ్చిందన్నారు గురుస్వామిగారు. గాలి సోకిందన్నాడు పక్కింటాయన. ఫిట్స్ వచ్చాక గానీ మాకు ఆసుపత్రి గుర్తు రాలేదు. దగ్గర్లో ఉన్నచోటికి తీసుకెళ్తే, "తాగుబోతు కేసులు ఇక్కడ చూడం, కాకినాడ పట్టుకుపొండి" అన్నారు. కనీసం ఒక ఇంజెక్షను చెయ్యలేదు.

ఆ రాత్రి వేను ఎదుర్లంక వంతెన దాటి యానాంలోంచి వెళ్ళింది. పేరుకి పుదుచ్చేరి, చుట్టూ మన నేల. 1995లో మద్యనిషేధం వచ్చాక మావాళ్ళు దాహం తీర్చుకోడానికి వెళ్ళింది అక్కడికే. షాపులు మూసేశారు గానీ బోర్డుల మీద లైట్లు వెలుగుతున్నాయి. మావయ్య వాటికేసి చూళ్ళేదు. ఆయన కాళ్ళ మీద జెర్రులు దులుపుకుంటున్నాడు.

కాకినాడలో ఆరు రోజుల్లో మనిషి మనిషయ్యాడు. ఏం చేశారయ్యా అంటే, ఏదో అద్భుతం కాదు. క్లోర్‌డయాజిపాక్సైడ్ మాత్రలు రోజురోజుకీ తగ్గించుకుంటూ ఇచ్చారు, థయమిన్ ఇంజెక్షన్లు చేశారు. బీ1 విటమినే అది. ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే మెదడు ఎదురుతిరుగుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మూడో రోజుకల్లా లేనివి కనిపించవచ్చు, వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఇది ఎంబీబీఎస్ చదివిన ప్రతివాళ్ళకీ తెలుసు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి షాపులు మూసేసిన వారానికే హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రికి ఇలాంటి వాళ్ళు బారులు తీరారు. పేపర్లన్నీ రాశాయి. తెలియనిది మాకే. కాబట్టి దయచేసి నాతో "సంకల్పబలం ఉంటే ఎవరైనా మానెయ్యొచ్చు" అనకండి. మా మావయ్యకి ఫిట్స్ తెప్పించింది సంకల్పబలమే. ఆ మాట చెప్పేవాళ్ళు బీపీ మాత్ర మానేసి ఆ బలమేదో ముందు వాళ్ళు చూపించాలి.

ఈ పాపంలో మన రాతలకీ వాటా ఉంది. తెలుగు కథలో తాగుబోతు ఎందుకొస్తాడు? పెళ్ళాన్ని కొట్టడానికి, లేదా చచ్చిపోయి కథ ముగించడానికి. సినిమాలో అయితే నవ్వించడానికి. కాస్త పైకులం, కాస్త ప్రేమ ఉంటే 1953 నుంచీ దేవదాసు ఉండనే ఉన్నాడు, ఏడవడానికి. ఆసుపత్రి వరండాలో చీటీ పట్టుకుని కూర్చున్న తాగుబోతు కథ ఎన్నడైనా చదివారా? నాకు గుర్తు రావట్లేదు.

రాజకీయాల్లోనూ అంతే. ముప్పై ఏళ్ళుగా మనం వాదించుకుంటున్నది ఒక్కటే, షాపు ఉండాలా వద్దా. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు, 1993లో సారా పోయింది. 1995లో మొత్తం నిషేధం, 1997లో ఎత్తివేత. 2019లో సర్కారే షాపులు పెట్టింది. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు. దూబగుంట ఆడవాళ్ళని తక్కువ చెయ్యను. వాళ్ళు చెయ్యగలిగింది చేశారు. షాపు మూసిన మర్నాటి నుంచి వణికే మనిషిని ఏం చెయ్యాలన్నది సర్కారు ఆలోచించాల్సిన పని. 2022 మార్చిలో జంగారెడ్డిగూడెంలో మరణాల మీద ప్రతిపక్షం సారా అంది, ప్రభుత్వం సహజం అంది. అసెంబ్లీలో రోజుల తరబడి గొడవ. పోయినవాళ్ళు బతికుండగా ఎవరికైనా వైద్యం అందిందా అని ఒక్కళ్ళు అడగగా నేను వినలేదు.

డబ్బుల్లేవంటారు. 2024లో 3,396 షాపులకి వచ్చిన దరఖాస్తులు 89,882. ఒక్కోదానికి తిరిగివ్వని ఫీజు రెండు లక్షలు. అంటే ఒక్క సీసా అమ్మకుండానే దాదాపు 1,800 కోట్లు. షాపు లేనిచోటికి బెల్టు షాపు వెళ్తుంది, పిల్లకాలవ చివరి ఊరికి కూడా క్వార్టరు చేరుతుంది. అదే దారిలో థయమిన్ ఎందుకు వెళ్ళదు?

చట్టం లేదా అంటే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. తాగుడు వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా అందులో జబ్బులే. వైద్యం జిల్లాలోనే అందాలి. లేకపోతే ఆ జిల్లాలోనే మరోచోట చేయించుకున్న ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలి. 2022 ఏప్రిల్‌లో మాకూ ఒక జిల్లా వచ్చింది. దానికి అంబేడ్కర్ పేరు వద్దని మే నెలలో అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. ఆ జిల్లాలో మనిషికి చట్టం ఇచ్చిన హక్కేమిటని అడగడానికి పదిమంది కూడా రోడ్డెక్కలేదు.

2019 తరవాత పెద్దాసుపత్రుల్లో డీఅడిక్షన్ కేంద్రాలు తెరిచిన మాట నిజమే. 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్‌లో తెలుగులో మాట్లాడతారు, అదీ మంచిదే. కానీ ఫిట్స్‌కి ఫోన్లో ఇంజెక్షను చెయ్యలేరు కదా. 2019లో ఎయిమ్స్ సర్వే తేల్చిందేమిటంటే దేశంలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందుతోంది. ఆసుపత్రిలో చేరేది 180 మందిలో ఒక్కరు. ఈ సమస్య ఎక్కువున్న రాష్ట్రాల్లో పంజాబుతో పాటు మన పేరూ ఉంది.

భర్తని తాగుడికి పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో మద్రాసులో తాగుడు మాన్పించే సంస్థ పెట్టారు. అక్కడితో ఆగకుండా కావేరి డెల్టాలోని మంజక్కుడి అనే పల్లెకి వెళ్ళి, ఊళ్ళోనే రోజుల తరబడి శిబిరాలు నడిపారు. వైద్యం ఊరికి వచ్చింది, కుటుంబం పక్కనే ఉంది, ఊరి పెద్దలు కాపలా ఉన్నారు. అదీ డెల్టాయే, ఇదీ డెల్టాయే. ఇక్కడ మాత్రం బస్సుల వెనకాల 'తాగేవారికి తెలియకుండా మాన్పించండి' అన్న పోస్టర్లు. అత్తయ్య అలాంటి పొడి ఒకటి తెప్పించి మజ్జిగలో కలపబోతే ఆపాం. అలా తెలియకుండా పెట్టేవాటిలో డైసల్ఫిరామ్ ఉండి, ఆ పైన మనిషి తాగితే ప్రాణం మీదికొస్తుంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఆసుపత్రుల్లో ఆ మాత్రలు, ఆ ఇంజెక్షను, నాలుగు మంచాలు. ఫిట్స్ వచ్చిన తాగుబోతుని వెనక్కి పంపకూడదని రాతపూర్వకంగా ఒక ఆర్డరు. నెలనెలా మాత్రలు పీహెచ్‌సీలోనే.

ఈ ఆఖరిది లేకే మావయ్య మళ్ళీ జారాడు. కాకినాడ డాక్టరుగారు నెలకోసారి రమ్మన్నారు. రెండు నెలలు వెళ్ళాడు. బస్సు చార్జీలు ఒకెత్తు, ఆ రోజు కూలి పోవడం ఒకెత్తు. మూడో నెల ఒలుపు జోరుగా ఉందని మానేశాడు. మాత్రలైపోయాయి. సంక్రాంతికి మొదలెట్టాడు.

మొన్న అత్తయ్య ఫోన్ చేసింది. ఈ కార్తీకంలో మళ్ళీ మాల వేస్తానంటున్నాడట. ఇలా తాగడం, ఆపడం జరిగినకొద్దీ ఫిట్స్ ముదురుతాయని కాకినాడలో చెప్పింది ఆవిడకి గుర్తుంది. "ఏరా అబ్బాయ్, మాల రోజు నించే ఆ మాత్రలు మొదలెడితే సరిపోద్దా? అవి ఇక్కడెక్కడైనా ఇస్తారేమో కనుక్కుని చెప్పరా" అంది. పది రోజులైంది. ఇంకా కనుక్కుంటూనే ఉన్నాను.