విప్పిన ట్రక్కు – వాకిట బిడ్డలు

గృహమనగా నాలుగు గోడల నడిమి భాగము మాత్రమే కాదు. వాకిలియు, పశువుల కొట్టమును, గడ్డివామి దొడ్డియు గూడ గృహిణి కనుసన్నలలో నుండవలసినవే. ఈ మాసమున మేము ముచ్చటింపదలచినది ఆ దొడ్డిలోని యొక వస్తువును గూర్చి. అది ట్రాక్టరు నుండి విప్పి యుంచిన ట్రక్కు. “ఇది మగవారి పని, మాకేల?” యని సోదరీమణులు పుట త్రిప్పివేయకుందురు గాక. పగలెల్ల దాని ప్రక్కన మసలువారు మనమును, మన బిడ్డలును గదా!

మన పెద్దల కాలమున కోటప్పకొండ తిరునాళ్లకో, పుట్టింటికో పోవునపుడు రెండెడ్ల బండిపై వెదురుబద్దల గూడు నెక్కించి, లోపల వరిగడ్డి పఱచి, దానిపై జంబుఖానా వేసికొని పోయెడివారు. తిరిగివచ్చిన పిదప గూడు విప్పి, చెదలంటకుండ కొట్టపు దూలములకు వ్రేలాడగట్టి, బండికి ఊతకఱ్ఱ నిలిపి, చక్రములకు రాళ్లు అడ్డము పెట్టెడివారు. విప్పిన వస్తువును చెమ్మ పాలు చేయరాదు, ఆనిక లేక నిలుపరాదు అనునవి వారెఱిగిన రెండు సూత్రములు. ఎడ్లబండి స్థానమున ట్రాక్టరు వచ్చినది. ఆ సూత్రములను మాత్రము మనము మఱచితిమి.

గడచిన వర్షకాలమున మేము చుండూరులోని బంధువుల యింట కొన్ని దినములుంటిమి. 2022 వఱకు గుంటూరు జిల్లాలో నుండి, పిదప బాపట్ల జిల్లాలో చేరిన యీ గ్రామము కృష్ణా పశ్చిమ డెల్టాలోనిది. వరి పండు నల్లరేగడి సీమ. దమ్ము చేయు దినములగుటచే ట్రాక్టరు ఇనుప చక్రములు తొడిగికొని పొలమునకు పోయెను. రెండు చక్రముల ట్రక్కు దొడ్డిలో వేపచెట్టు క్రింద నిలిచెను. దాని ముందు కమ్మికి ఆనికగా ఇటుకలు పేర్చియుండిరి. ఆ నీడలో ఇంటి పిల్లలు గురుగులు పెట్టుకొని వంటలాట లాడుచుండిరి.

ఒక రాత్రి కుంభవృష్టి కురిసెను. తెల్లవారి చూచునప్పటికి ఇటుకలు ప్రక్కకొఱిగి, ముందు కమ్మి బురదలో గ్రుచ్చుకొని యుండెను. దాని క్రింద గురుగులు పొడియై పోయెను. ఆ యింటి కోడలు కొంతసేపు మాట రాక నిలిచి, చిన్నదానిని చంకకెత్తుకొని, “అత్తయ్యా, నిన్న దీపము పెట్టువేళ వఱకు ఇది యిక్కడనే కూర్చున్నది” అని మాత్రమనెను. అత్తగారు బదులు పలుకలేదు. ఆ దృశ్యము మమ్ము నేటికిని వీడలేదు. ఈ వ్యాసమునకు కారణమదియే.

ఇట్లేల జరిగెను? రెండు చక్రముల ట్రక్కు తనంత తాను నిలువజాలదు. దాని బరువులో కొంత ఇరుసుపైనను, కొంత ట్రాక్టరుపైనను ఆనియుండును. ట్రాక్టరును తొలగించినంతనే ఆ కొంత బరువును మోయుటకు వేఱొక కాలు కావలయును. ఇటుకలు ఆ కాలు కాజాలవు. అవి పగులును, జారును. పైగా నల్లరేగడి తడిసిన ఉబ్బి మెత్తబడును, ఎండిన నెఱ్ఱెలు విచ్చును. వేసవిలో గట్టిగా నున్న నేల శ్రావణమున అట్లుండదు. కావున ట్రక్కును మెరక మీద, చదునైన గట్టి నేలపై నిలుపవలెను. దానితో వచ్చు ఇనుప స్టాండునే దింపి, పిన్నును పూర్తిగా దూర్చి, స్టాండు పాదము క్రింద వెడల్పైన మందపు చెక్కను వేయవలెను. రెండు చక్రములకును ముందు వెనుకల మొద్దులు అడ్డుపెట్టిన పిమ్మటనే ట్రాక్టరు కొక్కెము విప్పవలెను. విప్పిన తరువాత అడ్డు వెదకికొనుట ప్రమాదము.

సరకుతో నున్న ట్రక్కును విప్పరాదు. బరువు ఇరుసునకు ముందు వైపున నున్న స్టాండు దిగబడును. వెనుక వైపున నున్న ముందు కమ్మి ఒక్కసారిగా పైకి లేచును. పిల్లలు వెనుక అంచున గుంపుగా నెక్కి ఉయ్యాలవలె నూగినను ఇదియే జరుగవచ్చును. జాకీతో పైకి లేచు తొట్టి యున్నచో, దానిని పూర్తిగా దింపియే యుంచవలెను. లేపిన తొట్టి క్రింద ఒక్క నిమిషమైనను ఎవరును దూరరాదు. మరల తగిలించునపుడు, “అమ్మాయీ, కాస్త ఆ పిన్ను వేయుము” అని మనలను పిలుచుట కలదు. ట్రాక్టరు వెనుకకు వచ్చుచుండగా దానికిని ట్రక్కునకును నడుమ నిలువకుడు. ట్రాక్టరు పూర్తిగా ఆగి, ఇంజను ఆపిన పిదపనే దగ్గరకు పొండు.

ఇక వస్తువు మన్నికను గూర్చి. ఎరువుల బస్తాలు మోసిన తొట్టిలో నిలిచిన ఉప్పు ఇనుమును తినివేయును. కావున కడిగి, ఆరబెట్టి, రంగు లేచినచోట మరల రంగు పూయించవలెను. ముందు భాగమును రవ్వంత ఎత్తుగా నుంచి, వెనుక తలుపు తెఱచి కట్టినచో వాననీరు నిలువదు. నిలిచిన నీటిలో దోమ గ్రుడ్డు వారము పది దినములలో రెక్కల దోమయగును. డెంగీ జ్వరమును తెచ్చు దోమ పెరుగునది ఇట్టి నీటిలోనే. కావున వారమున కొకసారి తొట్టిని, పట్టా మడతలను, మూలనున్న పాత టైర్లను చూచి నీరు పారబోయవలెను. నెలల తరబడి నిలుపునపుడు ఇరుసు క్రింద గట్టి దిమ్మలు పెట్టి టైర్లపై బరువు తగ్గించి, ఎండ తగులకుండ గోనెలు కప్పవలెను. ట్రక్కు క్రింద పుల్లలు, చెత్త పోగు వేయరాదు. అవి పాములకు, తేళ్లకు ఇండ్లగును.

గాలివానల కాలమున మఱొక జాగ్రత్త. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగు తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. అట్టి గాలికి కప్పిన పట్టా తెరచాపవలె ఉబ్బి లాగును. తుపాను హెచ్చరిక వినినంతనే పట్టాను విప్పి మడిచి లోపల పెట్టుడు. ట్రక్కును కొబ్బరిచెట్ల క్రింద నుంచకుడు.

దొడ్డి చాలదని కొందఱు ట్రక్కును బాటప్రక్క విడిచిపోవుదురు. దాని వెనుక దీపములకు విద్యుత్తు ట్రాక్టరు నుండియే వచ్చును. విప్పిన పిదప అవి వెలుగవు. రాత్రివేళ మోటారు సైకిలుపై ఇంటికి వచ్చువానికి ఆ ట్రక్కు కానరాదు. వెనుక నంటించిన మెఱుపు పట్టీలకు బురద పట్టినచో అవియు పనికిరావు. మన బిడ్డను మన దొడ్డిలో కాపాడుకొనుట యెంత ధర్మమో, ఇతరుల బిడ్డను బాటపై కాపాడుటయు నంతే ధర్మము. చోటు లేనిచో పొరుగువారి కళ్లమునైనను అడుగుడు.

చుండూరులోని ఆ యింట ఇపుడు ఇనుప స్టాండు, దాని క్రింద తుమ్మచెక్క, చక్రములకు నాలుగు మొద్దులు అమరినవి. పిల్లలకు కొత్త గురుగులు వచ్చినవి. అవి వంటయింటి వసారాలోనికి మాఱినవి. సాయంత్రము దీపము పెట్టుటకు ముందు ఆ కోడలు ఒకమారు దొడ్డిలోనికి పోయి, స్టాండును మొద్దులను చూచి వచ్చుచున్నదట. పాఠక సోదరీమణులును నేటి సాయంత్రమే తమ దొడ్డిలో ఒక్కమారు అట్లు చూచి రావలెనని మా మనవి.