వైఫై పలకకపోతే

పిల్లలూ! పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేశారు. తెర వెలిగింది, అన్నీ కదులుతున్నాయి. వైఫై జాబితాలో మాత్రం ఒక్క పేరూ కనబడదు. "ఇది చెడిపోయింది, పాతసామానుకు వేసేద్దాం" అని నాన్నగారు అనకముందే కొంచెం ఆగండి.

లోపలి వైఫై చిప్పుకూ లినక్స్‌కూ భాష కలవదు. మధ్య దుబాసీ కావాలి. ఆ దుబాసీయే డ్రైవరు. దుబాసీ ఉన్నా, చిప్పుకు పని నేర్పే ఫర్మ్‌వేర్ అనే ఫైలు లేకపోతే అది నోరు విప్పదు.

ముందు మీట చూడండి. టెర్మినల్లో ఆంగ్ల అక్షరాలతో 'ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్' అని కొట్టండి. 'హార్డ్ బ్లాక్డ్' పక్కన 'ఎస్' అని వస్తే ల్యాప్‌టాప్ మీదున్న వైఫై మీట కట్టి ఉండవచ్చు. అదే అయితే తప్పు డ్రైవరుది కాదు! మీట సరిగానే ఉంటే 'ఎల్ఎస్‌పీసీఐ' కొట్టండి. చిప్పు ఏ కంపెనీదో తెలుస్తుంది. ఆపైన 'సుడో డీఎంఈఎస్‌జీ' కొడితే, ఫర్మ్‌వేర్ దొరకలేదన్న ఫిర్యాదు ఉంటే అక్కడ బయటపడుతుంది.

బ్రాడ్‌కామ్ చిప్పుల సంగతి విడ్డూరం. కంపెనీ వివరాలు చెప్పలేదు. ఔత్సాహికులు కొందరు ఆ కంపెనీ డ్రైవరు నడిచే తీరు పరిశీలించి రాసిపెట్టారు. అది చూసి మరికొందరు 'బీ43' అనే డ్రైవరు తయారుచేశారు. 2010లో కంపెనీయే కొన్ని కొత్త చిప్పులకు డ్రైవరును బాహాటంగా ఇచ్చింది. నాకైతే ఆ ఔత్సాహికుల ఓపికే గొప్పదనిపిస్తుంది.

బీ43కి కావలసిన ఫర్మ్‌వేర్‌ను లినక్స్‌తో కలిపి పంచే అనుమతి లేదు. ఉబుంటులో 'ఫర్మ్‌వేర్-బీ43-ఇన్‌స్టాలర్' దాన్ని తెచ్చిపెడుతుంది. నెట్ లేకుండా ఎలా తెస్తుందంటారా? అమ్మగారి ఫోను అడిగి, యూఎస్‌బీ తీగతో కలిపి, టెథరింగ్ పెట్టండి. ఫైలు వచ్చాక ల్యాప్‌టాప్ ఆపి, మళ్ళీ వేసి, జాబితా చూడండి.