పసుపు జెర్సీకి పునాది ట్రాక్ మీదే

2018లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచి విజేత పసుపు జెర్సీ తొడుక్కునేనాటికి వేల్స్ సైక్లిస్టు గెరైంట్ థామస్‌కు 32 ఏళ్లు. ట్రాక్ మీద అన్నేళ్లు గడపకుండా ముందే పూర్తిగా రోడ్డుకు వచ్చేసి ఉంటే ఇంకో టూర్ గెలిచేవాడేమో అనిపించడం సహజం. నాకైతే ఆ ట్రాకే లేకపోతే ఈ ఒక్కటీ దక్కేది కాదనిపిస్తుంది. 2007లో 21 ఏళ్లకు, అందరికంటే చిన్నవాడిగా తొలి టూర్‌కు వెళ్లి, చివరిదాకా నిలిచిన 141 మందిలో 140వ వాడిగా వచ్చాడు. రోడ్డు జట్లు నడిచేది స్పాన్సర్ల డబ్బుతో. వాళ్ల ఓపిక సాధారణంగా కాంట్రాక్టు గడువు దాటదు. అలాంటి కుర్రాడి విలువ తగ్గకుండా కాపాడింది 2008 బీజింగ్, 2012 లండన్ ఒలింపిక్స్‌లో టీమ్ పర్స్యూట్ స్వర్ణాలు. 2012లో తన జట్టువాడే అయిన బ్రాడ్లీ విగిన్స్ టూర్ గెలిచిన తొలి బ్రిటన్ రైడర్ అయినప్పుడు థామస్ ఆ పోటీకే వెళ్లలేదు, లండన్ ట్రాక్ కోసం సిద్ధమవుతున్నాడు.

టీమ్ పర్స్యూట్‌ను కాస్త దగ్గరగా చూడాలి. నలుగురు రైడర్లు, 250 మీటర్ల చెక్క ట్రాక్ మీద 16 చుట్లు. సైకిల్‌కు బ్రేకులుండవు, గేరు ఒక్కటే, చక్రం తిరిగినంతసేపూ కాళ్లూ తిరగాల్సిందే. ముందున్నవాడు కాసేపు గాలికి ఎదురు తొక్కి, మలుపులో వాలు మీదికి ఎక్కి, మిగతా ముగ్గురూ కిందినుంచి వెళ్లిపోగానే ఆఖరివాడి వెనక చక్రానికి జానెడు దూరంలో దిగాలి. కొంచెం ఆలస్యమైతే అందుకోవడం కష్టం, తొందరపడితే చక్రాలు తగులుకుంటాయి. గడియారం ఆగేది మూడో రైడర్ గీత దాటినప్పుడు. కాబట్టి నాలుగోవాడు ఉన్న సత్తా అంతా ముందే ఊడ్చిపెట్టి తప్పుకున్నా జట్టుకు నష్టం లేదు. తర్వాతి ఏళ్లలో టూర్ కొండదారుల్లో తన జట్టు నాయకుడు క్రిస్ ఫ్రూమ్ కోసం ముందుండి లాగిన థామస్ చేసింది సరిగ్గా ఈ పనే. 2013 టూర్‌లో మొదటిరోజే పడి కటి ఎముక చిట్లినా పారిస్ దాకా తొక్కాడు. ఆ మొండితనం పుట్టుకతో వచ్చిందని కొందరంటారు, నేను ఆ లెక్కలో సగం శిక్షణకే ఇస్తాను.

ట్రాక్ లేకుండా గెలిచినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. స్లొవేనియా రైడర్ పొగాచర్ 21 ఏళ్లకే టూర్ గెలిచాడు. 22 ఏళ్లకు గెలిచిన బెర్నాల్ మౌంటెన్ బైక్ నుంచి వచ్చాడు. కానీ బెర్నాల్ పెరిగింది సముద్రమట్టానికి 2,600 మీటర్ల ఎత్తున, కొలంబియా కొండల్లో. థామస్‌ది కార్డిఫ్, ఓడరేవు పట్నం. ఊరు ఇవ్వలేనిది ట్రాక్ ఇచ్చింది. అంతకంటే బలమైన అభ్యంతరం డబ్బు గురించి. 1996 అట్లాంటాలో బ్రిటన్ సైక్లింగ్‌కు దక్కినవి రెండు కాంస్యాలు. మరుసటి ఏడాది నుంచి లాటరీ నిధులు వచ్చాయి, 2008లో ఎనిమిది స్వర్ణాలు వచ్చాయి. పతకాన్ని బట్టే నిధులిస్తే శిక్షకుల మీద, వైద్యుల మీద ఎలాంటి ఒత్తిడి పడుతుందో ఊహించడం కష్టం కాదు. థామస్, విగిన్స్‌ల రోడ్డు జట్టు టీమ్ స్కై నిబంధనల లోపలే మందులు వాడినా నైతిక హద్దు దాటిందని 2018లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ తప్పుపట్టింది. జట్టూ, విగిన్సూ ఆ మాటను ఖండించారు. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. అయితే అది నిధుల మీద నిఘా పెట్టమనే వాదన, ట్రాక్‌లు వద్దనే వాదన కాదు.

ఇదంతా సంపన్న దేశాల ముచ్చటేనా? థామస్ మొదలుపెట్టింది చెక్క ట్రాక్ మీద కాదు. కార్డిఫ్‌లోని మెయిండీలో, 1951లో తెరిచిన స్టేడియంలో, పైకప్పు లేని పాత ట్రాక్ మీద. అక్కడి పిల్లల క్లబ్బే అతని తొలి బడి. 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కట్టిన వెలోడ్రోమ్ కూడా ఆరుబయటిదే. 1964 తర్వాత ఒలింపిక్స్‌లో మన సైక్లిస్టు కనిపించలేదని బాధపడేవాళ్లు కొత్త స్టేడియం అడిగేముందు, ఉన్న ఆ ట్రాక్ మీదికి వారం వారం ఎంతమంది పదేళ్ల పిల్లలు వస్తున్నారో అడగాలి.